టైల్స్ కన్నా ముందు నీళ్లు



గోదావరి జిల్లాల్లో ఒక చిన్న పట్టణం. అక్కడ 1981లో కట్టిన ఒక డాబా ఇల్లు. అలాంటి ఇంటిని ఒక్కసారి కళ్ల ముందు ఊహించుకోండి. కింద మూడు గదులు, వంటిల్లు. పైన రెండు గదులు, ఒక బాత్రూమ్. ఆ బాత్రూమ్‌కి సరిగ్గా కింద సామాన్ల గది. అందులో ఆవకాయ జాడీలు, బియ్యం డబ్బాలు. ఇంటాయన రిటైరైన మాస్టారు. ఇంటావిడకి మోకాళ్ల నొప్పులు.

ఒకరోజు ఆవిడ పచ్చడి తీద్దామని సామాన్ల గదిలోకి వెళ్లారు. జాడీ మూత మీద సున్నపు పెచ్చు పడి ఉంది. తలెత్తి చూశారు. పైకప్పుకి పళ్లెమంత మరక. మరక అంచుల్లో తెల్లటి పొడి. పెచ్చు ఊడిన చోట తుప్పు పట్టిన ఇనుప చువ్వ కనిపిస్తోంది.

"ఏమండీ, ఒక్కసారి ఇలా రండి" అని పిలిచారు.

మాస్టారు వచ్చి చూశారు. పై బాత్రూమ్ ఎలాగూ మార్చాలని ఏడాదిగా అనుకుంటున్నారు. అందులో నేలమీద కూర్చునే పాతకాలపు దొడ్డి. ఆవిడ కూర్చుంటే లేవలేకపోతున్నారు. నేలంతా నాచు, గోడలంతా చెమ్మ. "సరే, కమోడ్ పెట్టించేద్దాం. కొత్త టైల్స్ వేయించేద్దాం. దాంతో ఈ మరకా పోతుంది" అన్నారు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఆ సాయంత్రమే ఫోనులో టైల్స్ బొమ్మలు పంపించాడు. నీలం బాగుంటుందా, గోధుమరంగు బాగుంటుందా అని రాత్రి పదింటి దాకా మాటలు నడిచాయి.

మరక సంగతి మాత్రం ఎవరూ మళ్లీ ఎత్తలేదు. టైల్స్ వేస్తే నీళ్లు ఆగుతాయని అందరి నమ్మకం.

శ్రోతలూ, ఇవాళ చెప్పుకోబోయేది ఒక్కటే విషయం. టైల్స్ నీళ్లని ఆపవు. టైల్స్ కింద వేసే పొర ఆపుతుంది. ఆ పొర పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే, టైల్స్ వేయకముందే నేలమీద 2 రోజులు నీళ్లు నిలబెట్టి చూడాలి. 2 రోజులు. అంటే 48 గంటలు.

టైల్స్ నీళ్లని ఎందుకు ఆపవు? మంచి విట్రిఫైడ్ టైల్ అయితే దాదాపు నీళ్లు పీల్చదు. అది నిజమే. కానీ నేలంతా ఒకే టైల్ కాదు కదా. టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు ఉంటుంది. ఆ సందుల్లో సిమెంటు నింపుతారు. సిమెంటు నీళ్లు పీలుస్తుంది. పైగా రోజూ ఎండుతూ తడుస్తూ ఉంటే సన్నటి పగుళ్లు వస్తాయి. తలలో వెంట్రుకంత పగులు చాలు. రోజుకి నలుగురు స్నానం చేసే ఇంట్లో, ఆ పగుల్లోంచి చుక్క చుక్కగా నీళ్లు దిగుతూనే ఉంటాయి.

దానికి తోడు యాసిడ్. బాత్రూమ్ మెరవాలని చాలా ఇళ్లల్లో నెలకోసారి యాసిడ్ పోసి కడుగుతారు. పోయగానే నేల మీద బుసబుసా నురుగు వస్తుంది. మురికి వదులుతోందని సంతోషిస్తారు. నిజానికి ఆ నురుగులో కరిగేది మురికి ఒక్కటే కాదు. టైల్స్ మధ్య ఉన్న సిమెంటు కూడా కరుగుతోంది. పాత ఇళ్లల్లో పరిచిన తాండూరు బండలు, బేతంచర్ల బండలు, కడప రాయి, ఇవన్నీ సున్నపురాయి జాతివే. సున్నపురాయిని యాసిడ్ తినేస్తుంది. ఏళ్ల తరబడి యాసిడ్‌తో కడిగిన బండల అతుకులు చూడండి. గోరు దూరేంత లోతుగా ఉంటాయి.

సందుల్లోంచి దిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? టైల్స్ కింద సిమెంటు, ఇసుక కలిపిన పరుపు ఉంటుంది. ముందు అది తడుస్తుంది. తడిసిన పరుపు స్పాంజిలా నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది. పైన నేల ఎండినట్టే కనిపిస్తుంది. లోపల మాత్రం ఎండదు. అక్కణ్ణుంచి మెల్లగా స్లాబులోకి, గోడల్లోకి దిగుతుంది.

సామాన్ల గది పైకప్పు మీద తెల్లటి పొడి ఉందన్నాం కదా. అదేమిటో తెలియాలంటే ఉప్పు కుండని గుర్తు చేసుకోండి. పాతకాలం ఇళ్లల్లో రాళ్లుప్పు మట్టికుండలో పోసేవారు. కొన్నాళ్లకి కుండ బయటవైపు తెల్లగా పూసేది. ఉప్పు చెమ్మ పట్టి, ఆ ఉప్పునీరు మట్టిలోంచి బయటికి ఊరి, గాలికి ఎండి, ఉప్పు మాత్రం మిగిలేది. స్లాబులోనూ, గోడలోనూ జరిగేది అదే. సిమెంటులో, ఇటుకలో ఉండే లవణాల్ని నీళ్లు కరిగించుకుని బయటికి తెస్తాయి. నీళ్లు ఆరిపోతాయి. లవణం తెల్లగా మిగులుతుంది. పక్కనే ఆవకాయ జాడీ ఉంది చూడండి. దాన్నీ మట్టితోనే చేశారు. కానీ దానికి గాజులాంటి పూత ఉంది. అందుకే ఉప్పు, నూనె, కారం ఏడాదంతా ఉన్నా బయటికి ఊరవు. కుండకీ జాడీకీ మధ్య పెద్ద తేడా ఆ పూతే. మన బాత్రూమ్ నేలని ఉప్పు కుండలా కాకుండా ఆవకాయ జాడీలా చేసుకోవాలి.

చేసుకోకపోతే ఏమవుతుంది? మరకతో ఆగదు. స్లాబులోని ఇనుప చువ్వలకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. అసలు ఇనుముకన్నా 2 నుంచి 6 రెట్ల చోటు ఆక్రమిస్తుంది. లోపల ఇనుము ఉబ్బితే చుట్టూ ఉన్న కాంక్రీటు పగలక తప్పదు. మాస్టారి ఇంట్లో జాడీ మీద పడిన పెచ్చు అలా పగిలి ఊడినదే. అలాంటి చోట పైన రంగు వేసి, కింద సిమెంటు పూసి ఊరుకోకూడదు. ముందు స్లాబు బలం ఎంత మిగిలిందో ఇంజినీరుకి చూపించాలి.

ఇంకాస్త పాత ఇళ్లుంటాయి. స్లాబు ఉండదు. కర్ర దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో కట్టిన మిద్దెలు. అలాంటి మిద్దె మీద కొత్తగా బాత్రూమ్ కట్టాలనుకునేవాళ్లు దయచేసి ఆ ఆలోచన మానుకోండి. నీళ్లు దూలం చివర్లోకి, గోడలో దూరిన చోటికి దిగితే కర్ర లోపల్లోపలే పుచ్చిపోతుంది. బయటికి తెలియదు. ఆ ఇళ్లకి పెరట్లో నేలమీద కట్టుకోవడమే క్షేమం. మన పెద్దలు స్నానాల గదిని నూతి దగ్గర, పెరట్లో కట్టుకోవడంలో ఈ భద్రత కూడా ఉంది.

నీళ్లని ఆపే పొర కొత్త సంగతేం కాదు. మొహెంజొదారోలో మహాస్నానవాటిక గురించి పిల్లలు బడిలో చదువుతారు. 4 వేల ఏళ్లు దాటిన కట్టడం. దాదాపు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు. ఇటుకల్ని దగ్గర దగ్గరగా పేర్చారు. కానీ ఇటుకని నమ్మి ఊరుకోలేదు. గోడల వెనక సహజంగా దొరికే తారుని పొరగా పూశారు. నేలని ఒక మూలకి వాలుగా కట్టారు. ఆ మూలన నీళ్లు పోయే దారి పెట్టారు. అంటే పైన ఇటుక, దాని వెనక నీళ్లని ఆపే పొర, ఒక పక్కకి వాటం. ఇవాళ మంచి మేస్త్రీ చేసేదీ ఇదే.

సరే, మాస్టారి ఇంటికి వద్దాం.

పని మొదలయ్యేముందు ఒక చిన్న విచారణ చెయ్యాలి. ఆ చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోంది? నేలలోంచా, గొట్టంలోంచా? దీనికి యంత్రాలు అక్కర్లేదు. వారం రోజులు పై బాత్రూమ్ వాడకండి. తాళం వేసెయ్యండి. కింద మరక ఆరుతూ వస్తే, నేలలోంచో, మురుగు గొట్టంలోంచో కారుతున్నట్టు. వాడకపోయినా మరక తడిగానే ఉంటే, ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే గొట్టం, అంటే కుళాయికి వచ్చే గొట్టం, ఎక్కడో పోయినట్టు.

పాత ఇళ్లల్లో ఆ గొట్టాలు ఇనుపవి. జీఐ పైపులంటారు. ఇనుముకి పైన జింకు పూత. ఆ పూత పోయాక లోపల్నుంచి తుప్పు తింటుంది. బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్లల్లో లోపల సున్నంలాంటి పెంకు కూడా కడుతుంది. కుళాయి తిప్పితే సన్నటి ధార వస్తుంటే, ట్యాంకులో నీళ్లు లేవనుకోకండి. గొట్టం లోపల దారి మూసుకుపోయి ఉండొచ్చు. 40 ఏళ్ల నాటి జీఐ గొట్టాన్ని గోడలో అలాగే ఉంచి, పైన కొత్త టైల్స్ అతికించడం చాలా పొరపాటు. నేల తవ్వినప్పుడే గొట్టాలూ మార్చెయ్యాలి. వేడినీళ్లకి సీపీవీసీ లాంటి, వేడిని తట్టుకునే గొట్టాలే వాడాలి. మామూలు పీవీసీ వేడికి మెత్తబడుతుంది.

గొట్టాల కోసం గోడల్లో గాడులు కొడతారు. పాత ఇళ్లల్లో పైకప్పు బరువంతా గోడల మీదే ఉంటుంది. పిల్లర్లుండవు. అందుకని గాడి ఎంత లోతు కొట్టాలో లెక్క ఉంది. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు మించకూడదు. అడ్డ గాడి ఆరో వంతు మించకూడదు. మన దేశ ప్రమాణాల్లో ఉన్న నియమమే ఇది. 9 అంగుళాల గోడైతే, నిలువు గాడి 3 అంగుళాలు, అడ్డ గాడి అంగుళంన్నర. కాబట్టి గొట్టాల్ని వీలైనంతవరకు పైనుంచి కిందికి దింపమనండి. గోడ పొడుగునా అడ్డంగా కోయనివ్వకండి. గొట్టాలు బిగించాక, గాడి పూడ్చకముందు, పక్కన కొలత టేపు పట్టుకుని ఫోనుతో ఫొటోలు తీసుకోండి. రేపు గోడకి మేకు కొట్టాలన్నా, అద్దం బిగించాలన్నా ఆ ఫొటోలు చూసుకోవచ్చు.

మాస్టారి ఇంట్లో పాత బండలు పెకలించారు. కింద ఇసుక, ఇటుక ముక్కలు. చేత్తో తీస్తే తడి ముద్దలా వచ్చాయి. కంపు. దాని కింద స్లాబు. పొరంటూ ఏదీ లేదు. ఆ రోజుల్లో బండల కింద సిమెంటు పాలు పోసి సరిపెట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి.

ఇక్కడ మేస్త్రీకి ఒక చిక్కు వచ్చింది. తర్వాతి కాలం ఇళ్లల్లో బాత్రూమ్ దగ్గర స్లాబుని 8 అంగుళాలో, అడుగో లోతుగా దింపి పోస్తారు. సంకెన్ స్లాబ్ అంటారు. గొట్టాలు ఆ లోతులో దాక్కుంటాయి. ఈ ఇంట్లో అలా లేదు. స్లాబు అంతా ఒకే మట్టం. "అయితే నేల లేపేద్దాం మాస్టారూ. ఒక మెట్టు ఎక్కి వెళ్తారు" అన్నాడు మేస్త్రీ.

మెట్టు కుర్రాళ్లకి ఫర్వాలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి రాత్రి రెండింటికి, నిద్రమత్తులో, తడి కాళ్లతో ఆ మెట్టు దిగాలి. దానికి ఇంకో దారి ఉంది. మురుగు కిందికి కాకుండా వెనక గోడలోంచి బయటికి పోయే కమోడ్లు దొరుకుతాయి. పీ ట్రాప్ కమోడ్ కావాలని అడగాలి. అది పెడితే నేల అంత ఎత్తు లేపక్కర్లేదు. బయట గోడ వెంబడి పెద్ద గొట్టం దింపుకోవచ్చు. అది కారినా బయటే కనిపిస్తుంది. ఇల్లు తవ్వకుండా బాగుచేసుకోవచ్చు.

పెద్దవాళ్లున్న ఇంట్లో ఇంకో రెండు విషయాలు. తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టించండి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి వాళ్లే అడ్డం అవుతారు. బయటనుంచి తెరవలేం. ఇక కమోడ్ పక్కన చేతికి ఆసరాగా ఒక స్టీలు కడ్డీ. అది ఎక్కడ రావాలో ముందే నిర్ణయించుకోండి. ఎందుకంటే పొర వేశాక గోడకి చిల్లు పెడితే పొరకీ చిల్లు పడుతుంది.

ఇక పొర దగ్గరికి వద్దాం. దుకాణంలో వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ అని అడిగితే ఇస్తారు. ఎక్కువగా వాడేది రెండు భాగాలుగా వస్తుంది. సంచిలో సిమెంటులాంటి పొడి, డబ్బాలో పాలలాంటి ద్రవం. రెండూ కలిపితే దోసెల పిండిలా జారుగా అవుతుంది. బ్రష్‌తో పూస్తారు. ఆరాక మళ్లీ పూస్తారు. మొదటిసారి ఇటు నుంచి అటు పూస్తే, రెండోసారి దానికి అడ్డంగా పూయాలి. మట్టి నేల అలికినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఒక చేతివాటానే అలికితే మధ్యలో సందులు మిగిలిపోతాయి.

పూత నేలకే కాదు. గోడల మీదికి చుట్టూ కనీసం అడుగు ఎత్తు ఎక్కాలి. షవర్ కింద నుంచునే మూలన తలెత్తు దాకా వెళ్లాలి. లెక్క వేసి చూడండి. 6 అడుగులు, 8 అడుగుల బాత్రూమ్ అనుకుందాం. నేల 48 చదరపు అడుగులు. చుట్టూ గోడ 28 అడుగులు. అడుగు ఎత్తున పూస్తే అదో 28 చదరపు అడుగులు. మొత్తం 76. షవర్ మూలకి ఇంకొంచెం. పూత సామాను ఎంత కావాలో ఈ లెక్కతో దుకాణదారే చెప్తాడు.

నేల, గోడ కలిసే మూల ఉంటుంది చూశారా. అక్కడే ఎక్కువగా పగులుతుంది. ఆ మూలని నిటారుగా వదలకూడదు. మూకుడు లోపలి వంపులా, సిమెంటుతో గుండ్రంగా మలచాలి. దానిమీద సన్నని వల గుడ్డ పెట్టి పూయాలి. ఇంకో బలహీనమైన చోటు గొట్టం స్లాబులోంచి దిగే చోటు. పీవీసీ నున్నగా ఉంటుంది. సిమెంటు దానికి అతుక్కోదు. ఆరాక చుట్టూ సన్నటి సందు మిగులుతుంది. మామూలు సిమెంటు ముద్ద కుక్కితే చాలదు. ఆరేటప్పుడు కుంచించుకుపోని గ్రౌట్ అని దొరుకుతుంది. గొట్టం పైభాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, ఆ గ్రౌట్ పోయాలి.

వాటం సంగతి కూడా ఇక్కడే. నీళ్లు పారడానికి ఇచ్చే వాలుని మన మేస్త్రీలు వాటం అంటారు. చక్కటి మాట. అడుగు దూరానికి అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పావంగుళం దాకా వాటం ఉండాలి. చాలామంది టైల్స్‌కి మాత్రమే వాటం ఇస్తారు. కింద పొర మట్టంగా ఉండిపోతుంది. అప్పుడు టైల్స్ సందుల్లోంచి దిగిన నీళ్లు పొర మీద గుంటలో నిలిచినట్టు నిలిచిపోతాయి. అందుకని ముందు సిమెంటుతో వాటం తీసి, ఆ వాటం మీదే పూత వేయించాలి. రసమట్టం పెట్టి చూడమనండి. లేదా పిల్లల దగ్గర ఒక గోలీ తీసుకుని నేలమీద వదలండి. ఏ మూల వదిలినా అది నీళ్లు పోయే జాలీ దగ్గరికి దొర్లుకుంటూ రావాలి.

ఇక అసలు పరీక్ష.

వరి మడికి నీళ్లు పెట్టిన రైతు ఏం చేస్తాడు? మడి నిండింది కదా అని ఇంటికి వెళ్లిపోడు. గట్టు చుట్టూ తిరుగుతాడు. ఎండ్రకాయ బొరియ ఉందేమో, ఎలక కన్నం ఉందేమో చూస్తాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి నీళ్లు ఎంత తగ్గాయో చూస్తాడు. పక్క మడికన్నా ఎక్కువ తగ్గితే, ఎక్కడో గండి ఉన్నట్టే. నాటు వేయకముందే ఆ కన్నం పూడుస్తాడు. బాత్రూమ్ నేలనీ అలాగే మడిలా చూడాలి.

పూత పూర్తిగా ఆరనివ్వాలి. ఎన్ని రోజులో డబ్బా మీద రాసి ఉంటుంది. గుమ్మం దగ్గర ఇసుక, సిమెంటుతో చిన్న గట్టు కట్టాలి. జాలీ కన్నాన్ని మూసెయ్యాలి. గుడ్డ మూటకి పైన పాలిథీన్ కట్టి, గట్టిగా బిగించాలి. ఆ మూటకి ఒక తాడు కట్టి, తాడు చివర పైన ఉంచాలి. లేకపోతే మూట గొట్టంలోకి జారిపోతుంది. ఆ తర్వాత నీళ్లు నింపాలి. ఎత్తుగా ఉన్న చోట కూడా 2 అంగుళాల నీళ్లు నిలవాలి. మన 6 అడుగులు, 8 అడుగుల బాత్రూమ్‌కి 225 లీటర్లకి పైనే పడతాయి. 15 లీటర్ల బకెట్లతో కనీసం 15, 16 బకెట్లు. గోడమీద నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత గీయాలి.

ఒక బకెట్టులో కూడా నీళ్లు పోసి, అందులోనూ గీత పెట్టి, అదే గదిలో ఉంచండి. ఎందుకో కాసేపట్లో చూద్దాం. తలుపు వేసెయ్యండి. 2 రోజులు.

మాస్టారి ఇంట్లో ఈ మాట చెప్పగానే మేస్త్రీ మొహం చిన్నబోయింది. "2 రోజులు ఊరికే కూర్చోవాలా మాస్టారూ? నాకు అవతల ఇంకో ఇల్లు ఉంది" అన్నాడు. ఆయన బాధా నిజమే. పని ఆగితే కూలి ఆగుతుంది. సంక్రాంతికి పిల్లలు వస్తున్నారని ఇంట్లోనూ తొందర. ఇంటావిడ నెమ్మదిగా చెప్పారు. "ఆ 2 రోజులూ కింది గదిలో సున్నం పని చూడు నాయనా. నీ కూలి ఎక్కడికీ పోదు." ఇలాంటి పని ముందే ఒకటి అట్టేపెట్టుకుంటే, మేస్త్రీకీ నష్టం ఉండదు, పరీక్షా ఆగదు.

మర్నాడు పొద్దున్న తలుపు తీశారు. గోడ మీద గీతకి నీళ్లు అర అంగుళం కింద ఉన్నాయి.

"ఆవిరైపోయి ఉంటాయి మాస్టారూ. గాలి ఉంది కదా" అన్నాడు మేస్త్రీ.

మాస్టారు బకెట్టు చూపించారు. అందులో గీతకీ నీళ్లకీ మధ్య కాగితం మందం తేడా కూడా లేదు. అదే గది, అదే గాలి, అదే రాత్రి. ఆవిరైతే రెండింట్లోనూ సమానంగా తగ్గాలి. నేలమీద తగ్గి, బకెట్టులో తగ్గలేదంటే ఆ నీళ్లు ఎక్కడికో పోయాయి.

కిందికి వెళ్లి చూశారు. సామాన్ల గది పైకప్పుకి, గొట్టం దిగిన చోట, ముత్యంలాంటి చుక్క ఒకటి వేలాడుతోంది.

మేస్త్రీ ఇంక ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్లన్నీ ఎత్తి పోశాడు. గొట్టం చుట్టూ పూత చెక్కేశాడు. మొదట అక్కడ మామూలు సిమెంటే కుక్కాడు. అదంతా తీసేసి, గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది, గ్రౌట్ పోశాడు. ఆరాక వల గుడ్డ పెట్టి మళ్లీ రెండు పూతలు వేశాడు.

శ్రోతలూ, ఒక్క క్షణం ఆలోచించండి. ఈ చుక్క టైల్స్ వేశాక బయటపడి ఉంటే ఏమయ్యేది? టైల్స్ పగలగొట్టాలి. కమోడ్ ఊడదియ్యాలి. పరుపు తవ్వాలి. కన్నం ఎక్కడుందో తెలియక నేలంతా తవ్వాలి. టైల్స్ వేయకముందు దొరికింది కాబట్టి జానెడు చోట పనితో సరిపోయింది. అందుకే మళ్లీ చెప్పుకుందాం. టైల్స్ నీళ్లని ఆపవు. కింది పొర ఆపుతుంది. ఆ పొరని 2 రోజులు నీళ్లు నిలబెట్టి చూడాలి. అమెరికాలో ఉన్న పిల్లల్ని అడగండి. అక్కడ షవర్ అడుగున వేసే పొరని ఇలాగే నీళ్లు నింపి పరీక్షించాలని చాలా చోట్ల ప్లంబింగ్ నియమాల్లోనే రాసి ఉంటుంది. మన దగ్గర ఇల్లుగలవాళ్లే అడిగి చేయించుకోవాలి.

పూత ఆరేలోపు కరెంటు గురించి ఒక మాట. ఇది ప్రాణాలకి సంబంధించింది. 1980ల ఇళ్లల్లో బాత్రూమ్‌కి ఒక బల్బు, ఒక స్విచ్చి మాత్రమే ఉండేవి. ఇప్పుడు గీజర్ పెడతాం. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. బల్బుకి వేసిన సన్నటి తీగకి, 5 ఆంపియర్ల ప్లగ్గుకి అది తగిలించకూడదు. గీజర్‌కి విడిగా లావు తీగ లాగించాలి. 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాలి. ఎర్త్ తప్పనిసరి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్చి పెట్టిస్తే, కరెంటు లీకై నీళ్లలోకో, మనిషిలోకో పోతున్న క్షణంలోనే అది కట్టేస్తుంది. టైల్స్ రంగు దగ్గర తగ్గినా ఫర్వాలేదు, దీని దగ్గర తగ్గొద్దు.

కమోడ్ బిగించేటప్పుడు కూడా మనిషి దగ్గర ఉండాలి. దాన్ని నేలకి మరలతో బిగిస్తారు. మర కోసం డ్రిల్లు పెడితే, అంత జాగ్రత్తగా వేసిన పొరకి చిల్లు పడుతుంది. డ్రిల్లు లోతు తగ్గించమనాలి. చిల్లులో సిలికాన్ నింపి, ఆ తర్వాతే మర తిప్పమనాలి.

జాలీ కింద ఒక గిన్నెలాంటిది ఉంటుంది. నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ 2 అంగుళాల నీళ్లు నిలిచి ఉండాలి. ఆ నీళ్లే కంపునీ, బొద్దింకల్నీ పైకి రానివ్వకుండా ఆపుతాయి. పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లి వచ్చినవాళ్లు బాత్రూమ్ తలుపు తీయగానే ముక్కు మూసుకుంటారు. నేల పాడైందనుకుంటారు. ఆ గిన్నెలో నీళ్లు ఎండిపోయాయంతే. రెండు చెంబుల నీళ్లు పోస్తే సరి. ఊరెళ్లేముందు నీళ్లు పోసి, పైన చెంచాడు కొబ్బరినూనె వేస్తే అంత తొందరగా ఎండవు.

మాస్టారి ఇంట్లో రెండోసారి నీళ్లు నింపారు. మళ్లీ గోడమీద గీత. మళ్లీ బకెట్టులో గీత. మొదటి రోజు గడిచింది. రెండో రోజు గడిచింది. మూడో రోజు పొద్దున్న ఇంటావిడే ముందు లేచారు. మోకాళ్లు పట్టుకుంటూ సామాన్ల గదిలోకి వెళ్లి, లైటు వేసి, తలెత్తి చూశారు. గొట్టం చుట్టూ అరచేత్తో తడిమి చూడమని మాస్టారిని స్టూలు ఎక్కించారు. పొడిగా ఉంది. పైకెళ్లి గీతలు చూశారు. గోడమీదా, బకెట్టులోనూ నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి.

మేస్త్రీ జాలీ దగ్గర వంగి తాడు లాగాడు. మూట ఊడొచ్చింది. నీళ్లు సుడి తిరుగుతూ ఒక్కొక్క మూల నుంచీ జాలీ వైపుకి నడిచాయి. ఎక్కడా గుంట కట్టలేదు. కింద వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైంది. టైల్స్ పెట్టెలు వచ్చాయి.